'అలజడి' గడిలో ఆడవాళ్లు

చేపల్ని లెక్కించడానికి పగడపు దిబ్బ మీద టేపు పరిచి, దాని వెంట మెల్లగా ఈదుతూ, రెండు పక్కలా కనిపించిన జాతుల్నీ సంఖ్యనీ పలక మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. మా పలకలో చివరి గడి 'మనుషుల వల్ల అలజడి'. మన్నార్ సింధుశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినప్పుడు ఆ గడిలో నేను ఎక్కువగా రాసింది పాచి కోసే ఆడవాళ్ల గురించే. అవే నీళ్లలో టేపు పట్టుకుని తిరిగే నేను మాత్రం ఏ గడిలోకీ రాను.

అక్కడి 21 దీవులు 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనం అయ్యాయి. వాటి చుట్టూ ఆడవాళ్లు వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి, అగర్ తయారీకి పనికొచ్చే పాచి కోసుకొస్తారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద పరిశోధనకు అనుమతి దొరుకుతుంది. పాచి కోతకు దొరకదు. నా దగ్గర కాగితం ఉంది, వాళ్ల దగ్గర భయం ఉంది.

రక్షణ వద్దని నేననను. దిబ్బ పోతే చేప పోతుంది. కానీ నెలకు 12 రోజులే కోయాలని ఈ ఆడవాళ్లు తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. ట్రాలర్ల వేట నిషేధం రోజుల్లో తామూ ఆపేస్తారు. (చేపల వేట అంటే పడవ, వల, మగవాడు అనే మా పాఠాల్లో ఇదెక్కడా లేదు.) ప్రత్యామ్నాయ ఉపాధి పేరుతో వచ్చిన కప్పాఫైకస్ అనే విదేశీ పాచి కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి పాకిందని 2008లో శాస్త్రవేత్తలే రాశారు. 2010లో, 2016లో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబారాయి. ఆ వేడిని ఆపే గార్డు ఎవరు?

పిల్లచేపలు ఎక్కడ చేరతాయో నాకు చూపించింది ఒక అక్క. నా రిపోర్టులో అది 'స్థానిక సమాచారం'. అదే నేను చూసి రాస్తే 'పరిశీలన'. మ్యాపులో ఆ చోట చుక్క పెడితే చేపలకు మేలు జరగొచ్చు. రేపు ఆ చుక్క చూపించే ఆమెను అక్కడికి రానివ్వకపోవచ్చు కూడా. ఆ చుక్క ఎవరిది? చేపలదా, నాదా, ఆమెదా? ఆమెనే అడిగాను.

"పెట్టుకో. పిల్లలున్న చోట మేం కోయమని కూడా రాయి," అంది.

రాశాను. గైడు ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో 'ఆధారం?' అని రాసి ఇచ్చారు. పైన చుక్క గురించి మాత్రం ఏమీ అడగలేదు.