నాలుక మీది అంతస్తులు



మేము మద్రసా చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో జనగామ ప్రాంతంలోని ఒక పల్లె మస్జిదుకు వెళ్ళాము. అసర్ నమాజ్ తర్వాత కొందరు చుట్టూ కూర్చొని మసాయెల్ అడుగుతున్నారు. వారిలో దూదేకుల కుటుంబానికి చెందిన ఒక నడివయస్సు సోదరుడు ఉన్నారు. జమాఅత్‌లో ఆలస్యంగా చేరినవాడు తప్పిపోయిన రకాతులను ఎలా పూర్తి చేయాలన్నది ఆయన సందేహం. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగు. మౌల్వీ సాబ్‌తో ఉర్దూలోనే మాట్లాడాలేమోనన్న గౌరవంతో ఉర్దూలో మొదలుపెట్టి, రెండు వాక్యాలకే తడబడ్డారు. వెనుక నుండి ఎవరో “దూదేకుల ఉర్దూ అంటే ఇదే మరి!” అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ఆ సోదరుడు “మళ్ళీ అడుగుతాను లెండి” అని కూర్చున్నారు.

ఆయనను ఎవరూ తిట్టలేదు. సఫ్‌లో నుండి ఎవరూ పక్కకు జరపలేదు. మరి ఆ రోజు అక్కడ పాపం జరిగిందా, లేదా? జరిగితే అది ఎంతటిది? చాలాకాలంగా మమ్మల్ని వెంటాడుతున్న ప్రశ్న ఇది.

నవ్వులపాలైన వారి నవ్వు

మాటను బట్టి మనిషిని తక్కువ చేయటం మన గడ్డకు కొత్త కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇతర భాషల వక్తలను శ్రద్ధగా విన్న ఆ సభ, ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడటానికి లేవగానే అల్లరి చేసింది, అవహేళన చేసింది. ఆ అవమానంలో నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అప్పుడు సంస్థానంలో అధికార భాష ఉర్దూ. అత్యధిక ప్రజల ఇంటి భాష తెలుగు.

తరువాతి కాలంలో తెలంగాణ యాస తోటి తెలుగువారి నోటనే ఎగతాళి పాలైంది. సినిమాల్లో దానిని హాస్యగాళ్ళకూ రౌడీలకూ అంటగట్టారు. ఓరుగల్లు గడ్డ మీద జీవించిన కాళోజీ నారాయణరావు ఈ అవమానాన్ని ఎదిరించి పలుకుబడుల భాష గౌరవం కోసం నిలబడ్డారు. 2014 నుండి ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

ఒకచోట నవ్వులపాలైనవారు మరోచోట తమకంటే బలహీనుణ్ణి వెతుక్కొని నవ్వుతారు. బజారులో మన యాసను వెక్కిరిస్తే బాధపడే మనమే, మస్జిదులో మన సోదరుని ఉర్దూను వెక్కిరించాము.

క్రియాపదంలో కులం

అరబీలో ఎదుటివాడు ఎవరైనా “అంత” అనే అంటారు. చిన్నవాడైనా, పెద్దవాడైనా అదే మాట. మన ఉర్దూలో ఆప్, తుమ్, తూ అనే మెట్లున్నాయి. తెలుగులో మీరు, నువ్వు ఉన్నాయి. అంతేకాదు, తెలుగులో క్రియాపదం కూడా మనిషి అంతస్తును చెబుతుంది. ఉపాధ్యాయుడు “వచ్చారు”. క్షురకుడు “వచ్చాడు”. ఇక స్త్రీ సంగతి చూడండి. ఆసామి భార్య “వచ్చారు”. ఇల్లు ఊడ్చే ఆమె “వచ్చింది”. బర్రె కూడా “వచ్చింది”! మనం నోరు తెరిచిన ప్రతిసారీ, తెలిసో తెలియకో, ఎదుటి మనిషి విలువ గురించి ఒక సాక్ష్యం ఇస్తున్నాము.

మర్యాద మాటలు ఉండటం తప్పు కాదు. పెద్దలను గౌరవించనివాడు, పిన్నలను కరుణించనివాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ గౌరవానికి వయస్సును వదిలి పుట్టుకను కొలమానం చేసుకోవటమే తప్పు. మహబూబాబాద్‌లో ఒక ముస్లిం సోదరుని దుకాణంలో మేము కూర్చొని ఉండగా తండా నుండి ఒక వృద్ధుడు విత్తనాల కోసం వచ్చారు. గల్లాపెట్టె దగ్గరున్న పదిహేనేళ్ళ బాలుడు “ఏందిరా, ఏం గావాలె?” అన్నాడు. అదే బాలుడు మా కోసం లేచి నిలబడి, రెండు చేతులతో సలాం చేశాడు! మాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దవారైన ఆ మనిషికి దక్కవలసిన గౌరవం, అంగీ, టోపీ చూసి మాకు దక్కింది.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ద్వారా తెలంగాణలో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. అంతవరకు మరో ఊరికి శివారుగా లెక్కకెక్కినవి తమ పేరుతో తామే ఊళ్ళయ్యాయి. కాగితం మీద మాట మారింది. మన దుకాణాలలో ఎప్పుడు మారుతుంది?

బాంచెన్, బందగీ

భాష ఎంత దూరం తీసుకుపోగలదో జనగామ నేలకు తెలిసినట్లు మరెవరికీ తెలియదేమో! దొరల కాలంలో పేదవాడు గడీ ముందు “నీ బాంచెన్ దొరా, కాల్మొక్త” అనాల్సి వచ్చేది. బాంచెన్ అంటే నీ బానిసను అని. వెట్టిచాకిరి చేసిన చేతులకంటే ముందు, ఆ మాట పలికిన నాలుకే బానిస అయ్యేది. పొద్దునా సాయంత్రం అదే మాట పలికినవాడికి తానూ మనిషినన్న సంగతి మెల్లగా మరుపుకొస్తుంది. విన్న దొరకు తానూ దాసుడినేనన్న సంగతి అంతకంటే త్వరగా మరుపుకొస్తుంది.

దేవరుప్పుల ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు ఉండేవారు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కోర్టులో పోరాడారు. చివరికి దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో హతమయ్యారు. ఆయన గాథే తరువాత ‘మా భూమి’ నాటకానికి ఆధారమైంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగటానికి ముందటి మాట ఇది. బందగీ అంటే దాస్యం, దైవదాస్యం. ఆ మాటను పేరుగా మోసిన మనిషి మరొక మనిషికి బాంచెన్‌గా ఉండలేకపోయారు.

సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలోని ఒక హదీసును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. యజమాని తన సేవకుణ్ణి ‘నా దాసుడు, నా దాసి’ అనకూడదని, ‘నా అబ్బాయి, నా అమ్మాయి’ అనాలని దైవప్రవక్త (స) బోధించారు. సేవకుడు కూడా యజమానిని ‘నా ప్రభువు’ అనకూడదన్నారు. మీరందరూ అల్లాహ్ దాసులే, మీ స్త్రీలందరూ అల్లాహ్ దాసీలే అని కారణం కూడా చెప్పారు. అంటే బాంచెన్ అనిపించుకోవటమూ, దొరా అని పలికించుకోవటమూ రెండూ ఈ ఒక్క బోధనతో చెల్లకుండా పోయాయి.

పేరు ఎప్పుడు నింద అవుతుంది?

“మరి కులం పేరు అసలు పలకనే కూడదా?” అని కొందరు అడుగుతారు. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 13వ ఆయత్ ప్రకారం మనుషులు జాతులుగా, తెగలుగా చేయబడింది పరస్పరం గుర్తించుకోవటానికి. అదే సూరా 11వ ఆయత్ ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవటాన్ని నిషేధించింది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని కూడా హెచ్చరించింది. ఈ రెండు ఆయత్‌ల మధ్యనే మనకు కొలబద్ద దొరుకుతుంది. మాట మనిషిని గుర్తించటానికి వాడుతున్నామా, తగ్గించటానికి వాడుతున్నామా?

పాలకుర్తి ఐలమ్మ సంగతే చూడండి. తాను కౌలుకు చేసిన పంటను దేశ్‌ముఖ్‌కు దక్కనీయకుండా నిలబెట్టుకున్న ఆమెను ప్రజలు చాకలి ఐలమ్మ అని పిలుచుకున్నారు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. అక్కడ ఆ మాట కిరీటం. అదే మాటను “ఏయ్!” అన్న కేకకు జోడించి గుమ్మం నుండి విసిరితే అది రాయి.

“మా మనసులో ఏమీ లేదు”

ఇది తరచుగా వినిపించే సమాధానం. అలవాటు మాటేనట, ద్వేషం లేదట. మహనీయ అబూజర్ (రజి) కంటే మన మనసులు పరిశుద్ధమైనవా? తొలి ముస్లిములలో ఒకరైన ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచారు. ఆ వ్యక్తి బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. దైవప్రవక్త (స) ఆయన విశ్వాసాన్ని కాదనలేదు. అయితే ఆయనలో ఇంకా అజ్ఞాన కాలపు గుణం మిగిలి ఉన్నదని ముఖం మీదే చెప్పారు. నమాజు ఉన్నచోట కూడా జాహిలియ్యత్ నాలుక మీద దాగి ఉండగలదు.

భూపాలపల్లిలో ఒక జుమా తర్వాత బొగ్గుగనిలో పనిచేసే ఒక యువకుడు మమ్మల్ని ఇంకో ప్రశ్న అడిగాడు. “మౌలానా, మాటలు మారిస్తే వివక్ష పోతుందా? పేర్లు ఎన్నో మారాయి. మా పక్కింటివాళ్ళకు కిరాయి ఇల్లు మాత్రం దొరకలేదు.”

అతని మాట నిజమే. 1917లో బెజవాడలో జరిగిన సభలో భాగ్యరెడ్డి వర్మ ‘పంచమ’ అన్న మాటను తిరస్కరించి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును నిలబెట్టారు. తమ పేరును తామే పెట్టుకొనే హక్కు అది. కానీ ఆ పేరుతో బావులన్నీ ఒక్కరోజులో తెరుచుకోలేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం నిషేధించింది, బహిరంగంగా కులం పేరుతో దూషించటాన్ని 1989 నాటి చట్టం నేరం చేసింది. అయినా మనసులు మారవలసి ఉంది.

అందుకే అబూజర్ (రజి) గాథను చివరిదాకా చదవాలి. సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి తినిపించండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి అని దైవప్రవక్త (స) ఆయనకు ఆజ్ఞాపించారు. తరువాతి కాలంలో ఆయనను చూసినవారు ఆయన మీదా, ఆయన సేవకుని మీదా ఒకే రకం వస్త్రం చూసి ఆశ్చర్యపోయారు. కారణం అడిగితే ఆయన తన తప్పునే వివరించారు. నాలుకతో జరిగిన తప్పుకు ఆయన వస్త్రంతో కూడా తౌబా చేశారు. మాట మార్చటం మొదటి మెట్టు. అక్కడే ఆగినవాడు మెట్టు మీదే నిలబడిపోయినట్లు!

మన ఇళ్ళలో

ఇల్లు ఊడ్చే ఆమె పేరు మన పిల్లలకు తెలుసా? ఆమెను అమ్మా, అక్కా అని పిలవటం నేర్పామా? ఆమె తాగే గ్లాసు వేరుగా ఉంటే ఆ ‘అక్కా’ అబద్ధమే. రెండు తరాల క్రితం ఇస్లాం స్వీకరించిన కుటుంబాన్ని ఇంకా “నౌముస్లిం” అని ఎందుకు పరిచయం చేస్తున్నాము? సంబంధం వెతికేటప్పుడు “వాళ్ళు ఫలానావాళ్ళు” అని గొంతు తగ్గించి ఎందుకు చెబుతున్నాము? బిలాల్ (రజి)ను మహనీయ ఉమర్ (రజి) మా సయ్యిద్, అంటే మా నాయకుడు అని పిలిచేవారు. ఖురైష్ వంశపు ప్రముఖుడు ఒకనాటి నల్లజాతి బానిసకు ఇచ్చిన బిరుదు అది. వంశాల గురించి మాట్లాడే ముందు మనం ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

ఈ వ్యాసం రాసే ముందు మేము మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాము. ఆ సోదరుణ్ణి కలిసి, ఆ రోజు నవ్వినందుకు క్షమించమని తెలుగులోనే అడిగాము. ఆయన మా చెయ్యి పట్టుకొని, “మీరు నవ్వింది నాకు యాదిలో లేదు మౌల్సాబ్. కాని ఆ తర్వాత నేను మస్జిదుల ఏదీ అడగలేదు” అన్నారు. ఎన్నో ఏళ్ళుగా, తప్పిపోయిన రకాతులను తనకు తోచినట్లు పూర్తి చేసుకుంటూ వచ్చారాయన. మా నవ్వు ఖరీదు అది. ఆ సాయంత్రం అక్కడే కూర్చొని ఆయన అడగదలచిన ప్రశ్నకు జవాబు చెప్పి వచ్చాము. గడిచిపోయిన నమాజుల గురించి అల్లాహ్ మమ్మల్ని ప్రశ్నిస్తే ఏం చెప్పాలో మాకు తెలియదు.

అల్లాహ్ మన నాలుకలను ఇతరుల గౌరవానికి కాపలాదారులుగా చేయుగాక! మన మాటలకు తగిన చేతలను ప్రసాదించుగాక! ఆమీన్.