ఋణము తీర్చవలసినది ఎవరికి?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమనుటలో భిన్నాభిప్రాయము లేదు. అయితే నేడు తిన్నవాడు రేపటి అన్నమునకై మరల అదే వాకిట నిలువవలసి వచ్చినచో ఆ ధర్మము పూర్తియైనదనవచ్చునా? ఇచ్చువాని చేయి ఎల్లప్పుడును పైన, పుచ్చుకొనువాని చేయి ఎల్లప్పుడును క్రింద ఉండునట్టి సాయము నిజముగా సాయమేనా? గ్రామముల మేలు కోరు మఠములు, సేవాసంస్థలు, ప్రభుత్వములు అన్నియు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. బసవేశ్వరుడు కాయక దాసోహములను బోధించిన కల్యాణమునకు చేరువలోనే, నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతము కలదు. అది వానను నమ్ముకొన్న మెట్టనేల. జొన్న, కొర్ర, సామ, కంది అచ్చటి పాతపంటలు. 1983లో పి.వి. సతీష్, ఆయన సహచరులు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థను స్థాపించి, పస్తాపూరు కేంద్రముగా ఆ గ్రామములలో పనిచేయనారంభించిరి. సంఘములుగా కూడినవారిలో అధికులు దళిత స్త్రీలు. వారిలో కొందరికి భూమి లేదు. ఉన్నవారికిని సారము లేని బీడే మిగిలినది.

అదే 1983లో రాష్ట్రమున కిలో రెండు రూపాయల బియ్యము పథకము ఆరంభమైనది. అది ఎందరో పేదల కడుపు నింపినది. దానిని చులకన చేయుట న్యాయము కాదు. కాని మెట్టప్రాంతమున దానికి మరియొక ముఖము కూడ కలదని సంఘస్త్రీలు గ్రహించిరి. నీటివసతి గల ప్రాంతముల వరిబియ్యము చవుకగా వచ్చుచుండగా జొన్నకు ఆదరణ తగ్గెను. జొన్నచేలు కొన్ని బీడులయ్యెను. ఆ చేలలో పనిచేయవలసిన చేతులకు పని కరువయ్యెను. కంచములోనికి అన్నము వచ్చినది; చేతిలోని పని పోయినది.

1990ల నడుమ ఈ స్త్రీలు వేరొక మార్గము త్రొక్కిరి. కేంద్రప్రభుత్వ ధనసహాయముతో సుమారు 30 గ్రామములలో బీడుపడిన చేలను దున్నించి, ఎరువు వేయించి, జొన్న విత్తించుటకు చిన్నరైతులకు అప్పు ఇప్పించిరి. ఆ అప్పును రైతులు రూకలతో కాక జొన్నలతో, కొన్నియేండ్లలో తీర్చవలెను. ఆ జొన్నలు సంస్థకు గాని, ప్రభుత్వమునకు గాని తిరిగిపోలేదు. గ్రామముననే నిలువయుండి, పనులు దొరకని నెలలలో పేదలకు చవుకధరకు అందినవి. పేదలెవరో, వారిలో మిక్కిలి పేదలెవరో కచేరీ కాగితములు తేల్చలేదు. గ్రామస్థులే కూర్చుండి, అందరి యెదుట నిర్ణయించిరి.

ఇందలి ధర్మసూక్ష్మమును గమనింపవలెను. అప్పు ఒకరిచ్చిరి, తీర్చినది మరియొకరికి. పొరుగింటి ఆకలికి కొలిచిపోసిన నాడే రైతు ఋణము తీరినది. నిన్న పుచ్చుకొన్నవాడు నేడు ఇచ్చువాడైనాడు. ఇచ్చిన సంస్థకు "మావలననే వీరు బ్రతుకుచున్నారు" అను గర్వమునకు చోటు చిక్కలేదు.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇచ్చటనే తెలియుచున్నది. దానము చేయువానికి "నేనిచ్చితిని" అను తలపు అంటియుండవచ్చును. దాసోహమందు ఇచ్చువాడే సేవకుడు. అంతేకాదు, దాసోహము స్వీయ కాయకము వలన లభించిన దానితో జరుగవలెను. కావున కాయకము కోల్పోయినవాడు కూడు మాత్రమే కోల్పోలేదు. ఇతరులకు పెట్టు భాగ్యమును కూడ కోల్పోయినాడు. పేదరికమున పెద్దబాధ ఇదియే. పనిచేయు మార్గము చూపక అన్నము మాత్రము పెట్టుచుండు సాయము ఆ బాధను తాకజాలదు.

ఒక ఆక్షేపము రావచ్చును. ఒకే సంస్థ దశాబ్దముల తరబడి ఒకే ప్రాంతమున నిలిచినచో గ్రామము దానిపైననే ఆధారపడదా? ఈ భయము నిర్హేతుకము కాదు. కాని తొందరపడి వెడలిపోవుటలోను దోషమున్నది. రెండు మూడేండ్ల పథకము ముగియగానే సున్నము రాలిన భవనము, తుప్పుపట్టిన పంపు మాత్రమే మిగిలిన పల్లెలు ఎన్ని లేవు! బీడునేల ఒక్క కారులో మాగాణి కాదు. మనుష్యులలో నమ్మకము కూడ అంతే. ఎన్నియేండ్లు ఉండిరనుట కంటె, ఉన్న యేండ్లలో ఏమేమి అప్పగించిరనుట ముఖ్యము.

జహీరాబాదు సీమలో విత్తనములు స్త్రీల యిండ్లలోనే భద్రముగా ఉన్నవి. విత్తనమును బదులు తీసుకొన్నవారు అంతకు మించి కొలిచి తిరిగి ఇచ్చుట అచ్చటి నియమము. 2008లో మాచనూరున ఆరంభమైన సంఘం రేడియోను నడుపుటకు దళిత స్త్రీలే పూనుకొనిరి. 2019లో ఈ సంఘముల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ పురస్కారము లభించినది. 2023 మార్చిలో సతీష్ పరమపదించిరి. ఇట్టి సంస్థకు అసలు పరీక్ష స్థాపకుని అనంతరమే మొదలగును. వానలు తప్పవచ్చును, ధనసహాయము తగ్గవచ్చును, సంఘములలో కలహములు పుట్టవచ్చును. అప్పుడు నిలువవలసినది స్థాపకుని పేరు కాదు, విత్తనము కొలుచు అలవాటు.

మఠములు ఇందుండి గ్రహింపవలసినది కలదు. పంక్తికి వచ్చినవానిని అర్హత అడుగరాదు. ఆకలికి ప్రశ్నలు లేవు. అయితే ఒక పల్లెను చేపట్టినప్పుడు మాత్రము వడ్డించుటతో పని ముగిసినదని తలపరాదు. పంక్తిలో కూర్చుండినవాడు ఒకనాడు తన చేనిలోని జొన్నలను మూటగట్టుకొని దాసోహమునకు తెచ్చి పోయగలుగవలెను. ఆ దినము వచ్చువరకును ఆ పల్లెను విడువకుండుటయే నిజమైన సేవ. ఆ దినమున మూటను దించుకొనుటకు ముందుగా చేయి చాపవలసినది మఠమే.