ఖయ్యాం హజ్ యాత్ర: మౌనమా, కపటమా?

తెలుగు పాఠకులకు ఉమర్ ఖయ్యాం ప్రధానంగా దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ ద్వారా పరిచితుడు. ఆ పరిచయంలో మధుపాత్ర కనిపించినంతగా యాత్రికుడు కనిపించడు. 1048లో నిషాపూరులో జన్మించిన ఈ గణితవేత్త సమర్‌కంద్, ఇస్ఫహాన్ నగరాలలో శాస్త్రవ్యాసంగం సాగించి, 1079 నాటి జలాలీ పంచాంగ సంస్కరణలో పాల్గొన్నాడు. 1092లో వజీరు నిజాముల్ ముల్క్ హత్యకు గురికావడం, వెనువెంటనే సుల్తాను మాలిక్‌షా మరణించడం వల్ల ఆయనకు రాజాశ్రయం పోయింది. నైతిక విచారణకు తావిచ్చే యాత్ర ఆ తరువాతిది.

పదమూడో శతాబ్ది చరిత్రకారుడు అల్ కిఫ్తీ కథనం ప్రకారం, విశ్వాసహీనుడన్న నింద వ్యాపించగా ఖయ్యాం హజ్‌కు వెళ్ళింది ప్రాణభయంతోనే గాని భక్తితో కాదు. బాగ్దాదులో ప్రాచీన శాస్త్రాల అభ్యాసకులు తనను చూడవస్తే తలుపు మూసుకున్నాడు. స్వస్థలానికి మరలివచ్చి, ఆచారాలు పాటిస్తూ అంతరంగాన్ని దాచుకున్నాడు.

ఇది కపటమైతే, దానిని ఖండించడానికి ఖయ్యాం మాటలే చాలు. సత్యాన్ని అసత్యంతో కలిపి, పాండిత్యాన్ని నటించి, దానిని దేహసుఖాలకు వినియోగించుకునే సమకాలికులను ఆయన తన బీజగణిత గ్రంథ పీఠికలోనే నిరసించాడు. అయితే కిఫ్తీ కథనంలో రెండు భిన్నమైన అంశాలు కలిసిపోయాయి. యాత్రకు భయమే కారణమన్నది అంతరంగ విషయం. ఒక శతాబ్దం తరువాతి లేఖకునికి అది ఎలా తెలిసింది? భయంతో బయలుదేరినవానికి దారిలో భక్తి కలగలేదని చెప్పగలవారెవరు? తలుపు మూయడం మాత్రం పదిమందీ చూడగలిగిన పని. యాత్ర వల్ల ఎవరికీ నష్టం లేదు. మూసిన తలుపు వల్ల జిజ్ఞాసువులకు విద్య అందలేదు. ఖయ్యాంను ప్రశ్నించవలసిన చోటు మక్కా కాదు, బాగ్దాదు.

ఇక్కడ ఎస్. రాయవరంలో 1862లో జన్మించిన గురజాడ అప్పారావు గుర్తుకు రావడం సహజం. వాడుక భాషపై మదరాసు విశ్వవిద్యాలయ సంఘంలో అధికసంఖ్యాకులు వ్యతిరేకంగా నిలిచినప్పుడు ఆయన మౌనం వహించలేదు. 1914లో అసమ్మతి పత్రం సమర్పించాడు. మరుసటి ఏడే మరణించాడు. కాని ఈ పోలికతో ఖయ్యాంను చిన్నబుచ్చడం న్యాయం కాదు. గురజాడ అసమ్మతికి వెల ఓటమి; ఖయ్యాం మాటకు వెల శిరస్సు కావచ్చు. పైగా గురజాడను సభ్యునిగా నియమించింది అభిప్రాయం చెప్పడానికే. బాగ్దాదులో ఖయ్యాంను ఎవరూ నియమించలేదు. వచ్చినవారిలో శిష్యులెవరో, చారులెవరో తలుపు తీయకముందు ఆయనకు తెలిసే వీలూ లేదు.