కారుణ్య మరణం: వెళ్ళేవారి ఇష్టం, సాయపడే చెయ్యి

నయంకాని జబ్బుతో చివరి దశకు చేరిన రోగి తన ప్రాణం పోవడానికి వైద్యుడి సాయం కోరితే ఇవ్వవచ్చా అన్నది కారుణ్య మరణ చర్చకు మూలప్రశ్న. ఈ పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోతుంటాయి. వెంటిలేటర్, డయాలసిస్, ముక్కుగొట్టం వంటివాటిని వద్దనడం లేదా తీసేయడం మొదటిది. డాక్టరు రాసిచ్చిన మందును రోగి తన చేత్తో తానే తీసుకోవడం రెండోది. డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడం మూడోది. మొదటిదానిలో ప్రాణం తీసేది జబ్బు, మిగతా రెండింటిలో మందు. ఈ తేడా నిజంగా ఉన్నదా, లేక బతికి ఉన్నవాళ్ళ మనసు కుదుటపడడానికి కల్పించుకున్నదా అన్నదాని చుట్టూనే వాదమంతా తిరుగుతుంది.

మొదటి పనికి భారతదేశంలో చట్టబద్ధత వచ్చింది ఇటీవలే అయినా, ఆచరణ పాతదే. ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అని డాక్టరు చెప్పడం, బంధువులు కాగితం మీద సంతకం పెట్టి అంబులెన్సులో ఊరికి తెచ్చుకోవడం, నోట్లో తులసి తీర్థం పోసి కనిపెట్టుకుని కూర్చోవడం తెలుగునాట చాలా కుటుంబాలు చూసినవే. దీన్ని ఎవరూ హత్య అనలేదు, పాపమనీ అనలేదు. అయితే ఆ నిర్ణయంలో రోగిని అడిగింది తక్కువ. ఇంటికి వచ్చాక నొప్పికి మందు దొరికింది మరీ తక్కువ.

హిందూ సంప్రదాయం ఈ విషయంలో ఒక్క మాట మీద లేదు. ఆత్మను చంపుకున్నవారు చీకటి లోకాలకు పోతారని ఈశావాస్యోపనిషత్తు చెప్పిందని ఆత్మహత్యను నిషేధించేవారు చూపిస్తారు. శంకరుల భాష్యం ప్రకారం అక్కడ చెప్పింది దేహాన్ని చంపుకున్నవారి గురించి కాదు, ఆత్మను ఎరుగని అజ్ఞానుల గురించి. మనుస్మృతి ఆరో అధ్యాయం వానప్రస్థుడికి ఈశాన్యంగా, నీరూ గాలీ మాత్రమే ఆహారంగా, దేహం పడిపోయేదాకా నడిచే అనుమతి ఇచ్చింది. తర్వాతి ధర్మశాస్త్ర నిబంధకారులు ఆ మహాప్రస్థానాన్ని కలియుగంలో కూడని పనుల జాబితాలో చేర్చారు. గంగ ఒడ్డున ఆహారం మాని ప్రాయోపవేశానికి కూర్చున్న పరీక్షిత్తు మహారాజును మాత్రం భాగవతం ఎక్కడా తప్పుపట్టదు.

ఈ చర్చకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది భీష్ముడి కథ. ఆయన అంపశయ్య మీద పడగానే దుర్యోధనుడు బాణాలు తీయడంలో నేర్పరులైన శస్త్రవైద్యులను వెంటబెట్టుకుని వస్తాడు. భీష్ముడు వారికి తగిన ధనమిచ్చి, గౌరవంగా సాగనంపమంటాడు. వైద్యం తెలిసినవారు ఎదురుగా ఉన్నా, ఆ స్థితిలో అది తనకు అవసరం లేదని నిర్ణయించుకున్నది ఆయనే. కానీ దాహమైనప్పుడు నీళ్ళు అడుగుతాడు. అర్జునుడు భూమిని చీల్చి రప్పించిన నీటిధారతో ఆ దాహం తీరుతుంది. తలకు ఎత్తు కావాలంటాడు, దానికి బాణాలే తలగడ అవుతాయి. చికిత్స వద్దనడం, ఉపశమనం కావాలనడం రెండూ ఒక్కడిలోనే కనిపించడం ఈ ఘట్టంలోని విశేషం. ఇచ్ఛామరణ వరం ఉన్నా, ఉత్తరాయణం వచ్చేదాకా ఆయన ప్రాణం విడవలేదు. అంపశయ్య మీద ఉండగా తన ప్రాణం తీయమని ఎవరినీ అడగనూ లేదు.

జైనుల సల్లేఖన వ్రతమూ ఈ కోవలోదే. తప్పించుకోలేని ఆపద, కరవు, ముసలితనం, మందులేని రోగం వచ్చినప్పుడు ఆహారాన్ని క్రమంగా తగ్గిస్తూ దేహాన్ని వదలడం ధర్మమని సమంతభద్రుడి శ్రావకాచారం చెబుతుంది. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు దీన్ని నేరమంది. అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 1982 నవంబరులో వినోబా భావే అన్నం, మందులు మానేసి పవనార్ ఆశ్రమంలో కన్నుమూసినప్పుడు కూడా దేశం ఆయనను నేరస్థుడిగా చూడలేదు.

బౌద్ధంలో విషయం మరింత పదునెక్కుతుంది. తీవ్రమైన జబ్బుతో బాధపడుతూ కత్తితో ప్రాణం తీసుకున్న ఛన్నుడనే భిక్షువును బుద్ధుడు నిందించలేదని మజ్ఝిమ నికాయంలోని ఒక సుత్తం చెబుతుంది. వినయ పిటకంలో మరో ఉదంతం ఉంది. జబ్బుపడిన భిక్షువు మీద జాలితో తోటివారు అతని ముందు మరణాన్ని పొగిడారు, అతను చనిపోయాడు. అలా పొగిడినవారు సంఘం నుంచి బహిష్కరణకు తగిన దోషం చేసినవారయ్యారు. వారి జాలిని బుద్ధుడు సాకుగా ఒప్పుకోలేదు.

ఇలా చూస్తే ఈ సంప్రదాయాలన్నిటిలో ఒక పోలిక తేలుతుంది. వెళ్ళేవారి పట్ల మెత్తదనం, పంపే చేతి పట్ల అనుమానం. నేటి భారత చట్టమూ ఇంచుమించు అక్కడే ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని శిక్షించే పాత సెక్షన్ 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో లేదు. ప్రేరేపించినవారికి శిక్ష అలాగే ఉంది. క్రైస్తవంలోనూ గీత ఇంచుమించు ఇక్కడే ఉంది: 1957లో పన్నెండో పయస్ పోప్ అసాధారణ చికిత్సలు తీసుకోవడం విధి కాదన్నారు. నొప్పి తగ్గించే మందు వల్ల ఆయుష్షు కొంత తగ్గినా, ఉద్దేశం చంపడం కానంతవరకు దోషం లేదన్నారు. ప్రాణం తీసే మందును మాత్రం కతోలిక సంఘం ఒప్పుకోలేదు. ఇస్లాం పండితుల్లో ఎక్కువమంది వైఖరి దీనికి దగ్గరగానే ఉంటుంది.

ఈ గీతను దాటినవారు గాంధీ. 1928లో సబర్మతీ ఆశ్రమంలో ఒక దూడ తీరని బాధతో పడి ఉండేది. పక్కకు ఒత్తిగిలే శక్తి కూడా దానికి లేదు. వైద్యులు ఆశ వదులుకున్నారు. శిష్యురాలు మీరా బెన్ రాసినదాని ప్రకారం గాంధీ వంగి దాని ముందుకాలు మెల్లగా పట్టుకున్నారు, డాక్టరు సూది వేశాడు, దూడ ఒక్కసారి కొట్టుకుని చనిపోయింది. గాంధీ దాని ముఖం మీద గుడ్డ కప్పారు. గోవును చంపించిన మహాత్ముడి మీద ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఇది అహింసేనని ఆయన వాదించారు. మనిషికీ ఇదే వర్తిస్తుందా అంటే అవునన్నారు, నాలుగు షరతులతో: జబ్బు నయం కానిది కావాలి, అందరూ ఆశ వదులుకోవాలి, ఏ సేవా ఉపయోగపడని స్థితి కావాలి, రోగి తన కోరిక చెప్పలేని స్థితిలో ఉండాలి. ఈ నాలుగో షరతు దగ్గర ఆగి ఆలోచించాలి. నేటి చట్టాలకు రోగి స్వయంగా అడగడమే ప్రాణం. గాంధీ మాత్రం అడగలేని జీవి గురించే మాట్లాడారు. ఆయన లెక్కలో ఇది రోగి హక్కు కాదు, చూస్తున్నవారి బాధ్యత.

హక్కు అన్న వాదానికి పుట్టిల్లు పాశ్చాత్య దేశాలు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు తేల్చిన రోగికి మందు రాసివ్వవచ్చు, తీసుకోవలసింది రోగే. అలా మందు పొందినవారిలో సుమారు మూడోవంతు మంది దాన్ని వాడకుండానే చనిపోతున్నారు. మందు చేతిలో ఉందన్న ధైర్యమే కొందరికి చాలుతున్నదనుకోవాలి. అక్కడి రోగులు ఎక్కువగా చెప్పే కారణం నొప్పి కాదు, తమ బతుకు తమ చేతిలో లేకపోవడం. ఇంట్లోవాళ్ళకు భారమవుతున్నామని చెప్పేవారూ తక్కువేమీ కాదు. కెనడా 2016లో చావు దగ్గరపడినవారికే అనుమతి ఇచ్చి, 2021లో ఆ షరతును తొలగించింది. గీత ఒకచోట నిలవదన్న భయం ఊరికే పుట్టింది కాదు.

భారతదేశంలో ఆ భారం మాట ఇంకా బరువైనది. ఇక్కడ క్యాన్సర్ వైద్యానికి పొలం అమ్మే కుటుంబాలున్నాయి. ‘నాకోసం అప్పుల పాలు కావద్దు’ అనే తండ్రి చావును కోరుకుంటున్నాడా, పిల్లల్ని కాపాడుకుంటున్నాడా అన్నది ఏ వైద్యమండలీ తేల్చలేదు. చట్టబద్ధంగా నల్లమందు పండించే అతికొద్ది దేశాల్లో ఒకటైన ఈ దేశంలోనే, 1985 మత్తుమందుల చట్టం కట్టుబాట్లకు భయపడి చాలా ఆసుపత్రులు నొప్పి తగ్గించే మార్ఫిన్ నిల్వ పెట్టడం మానేశాయి. 2014 సవరణ ఆ ముడి కొంత విప్పింది. కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన ఉపశమన సేవ ఊరూరికీ పాకింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ కేంద్రాలు వచ్చాయి. అయినా దేశంలో చాలాచోట్ల ఇప్పటికీ మార్ఫిన్ మాత్ర అందదు. నొప్పి తగ్గాక కూడా, స్పష్టమైన మనసుతో, పదేపదే అడిగే రోగి కోరికను పాపమనడానికి ఆధారం లేదు; అలాంటివారికి ఒకనాడు చట్టం దారి చూపవలసిందే. కానీ మార్ఫిన్ కన్నా ముందు మరణ మందు అందించే చట్టం న్యాయం కాదు. అది నొప్పి భరించలేక అడిగినదాన్ని ఇష్టపడి అడిగినట్టు లెక్కకట్టడం అవుతుంది.

ఈలోగా రోగి చేతిలో ఉన్నది సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన హక్కు. దాదాపు 42 ఏళ్ళపాటు ముంబై కెఈఎం ఆసుపత్రిలో అచేతనంగా ఉండి 2015లో మరణించిన నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో, 2011లో వెలువడిన తీర్పు దీనికి దారి వేసింది. కోలుకునే ఆశ లేనప్పుడు తనకు ప్రాణాధార చికిత్స వద్దని ఎవరైనా ముందుగానే వీలునామా రాసుకోవచ్చు. 2023 జనవరిలో కోర్టు పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతాయి, మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. అమలు చేసేముందు రెండు వైద్యమండళ్ళు పరిశీలిస్తాయి. ఆ పత్రం రాయడానికి 18 ఏళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉంటే చాలు, జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.