బొమ్మకు ప్రాణమెక్కడ?

బొమ్మకు ప్రాణమెక్కడ ఉన్నది? వ్రాసిన చేతిలోనా, ఆడించిన చేతిలోనా, చూచిన కంటిలోనా? ఇది కాలక్షేపానికి వేసిన ప్రశ్న కాదు. మరాఠీ మాట్లాడే సీమలో రెండు మూడు తరాలుగా కాపురముండి, పెద్దలిచ్చిన మాటను, పాటను, కథను బిడ్డలకు ఎట్లా అందించాలా అని మథనపడే మనవంటి వారికి ఇది ఇంటి ప్రశ్న. అయితే ఇది నాకు తోచినది చాందాలో కాదు. జపాను దేశంలో ఒక బొమ్మల ప్రదర్శనశాలలో, ఎనిమిదేండ్ల నా మనుమడు అడిగిన ఒక మాటవల్ల తోచినది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాడు. బొగ్గుగనుల కార్యాలయంలో నా ఉద్యోగ విరమణ జరిగిన తరువాత నేనూ, నా భార్యా అక్కడికి వెళ్ళి నెలరోజులు గడిపినాము. చూచినవాటిలో నా మనస్సున నిలిచిపోయినది మితాకా పట్టణంలోని జిబ్లీ ప్రదర్శనశాల. అది టోక్యోకు పడమటి వైపున, ఇనోకషిరా ఉద్యానవనం చెట్లనీడలో ఉన్నది. బొమ్మల చలనచిత్రాలు తీయడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన హయావో మియజాకీ గారి ఊహ ననుసరించి కట్టిన ఆ భవనం 2001 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైనది. ముందుగా తేదీ కుదుర్చుకొని టిక్కెట్టు తీసుకొన్నవారికే ప్రవేశం. లోనికి వెళ్ళేటప్పుడు ఇచ్చే చీటీలో చిన్న ఫిలిం తునక అమర్చి ఉంటుంది. వెలుగుకెత్తి చూస్తే అందులో బొమ్మ కనబడుతుంది. ఇటు నడవండి, అటు నడవండి అని దారి చూపే గుర్తులు లేవు. దారి తప్పి తిరగడమే అక్కడి మర్యాద. లోపల ఛాయాచిత్రాలు తీయరాదన్న నిషేధం మాత్రం ఉన్నది. ఇంత దూరం వచ్చి ఇరుగుపొరుగులకు చూపించుకొనేందుకు ఒక్క చిత్రమైనా లేకపోయెనే అని మొదట నొచ్చుకొన్నాను. కొంతసేపటికి, నా చేతులు ఊరకున్నందువల్ల కన్నులు పనిచేస్తున్నవని గ్రహించినాను.

ఆ భవనంలో పిల్లిబస్సు అనే పెద్ద మెత్తని బొమ్మ ఉన్నది. ప్రాథమిక పాఠశాల వయస్సు దాటని పిల్లలు మాత్రమే దానిమీదికెక్కి దొర్లవచ్చును. పెద్దలు దూరాన నిలబడి చూడవలసిందే. అన్నింటినీ బిడ్డలకు మనమే ఇస్తున్నామని గర్వించే నావంటి వానికి, నీకు ప్రవేశం లేని చోటు కూడా ఉన్నది సుమా అని చెప్పినట్లు తోచినది.

కదలిక ఆరంభమయ్యే గది అని పేరుగల గదిలోనికి వెళ్ళినాము. 1834లో ఇంగ్లండులో విలియం హార్నర్ అనే గణిత పండితుడు బొమ్మలు కదిలినట్లు కనబడే చక్రాన్ని ఒకదానిని వర్ణించినాడు. ఆ సూత్రం మీదనే నిర్మించిన పెద్ద చక్రం అక్కడ ఉన్నది. దాని మీద తొతోరో అనే అడవిదేవత, తాడాట ఆడే పిల్లలు, పరుగెత్తే పిల్లిబస్సు, ఒక్కొక్క భంగిమకు ఒక్కొక్క బొమ్మ చొప్పున వరుసలుగా నిలిపినారు. చక్రం నిలిచి ఉన్నంతసేపూ అవి కొలువుపండుగనాటి బొమ్మలవలె కదలక మెదలక ఉన్నవి. చక్రం వేగమందుకొన్నది, వెలుగు తునుకలు తునుకలుగా మెరవసాగినది, అంతలో తొతోరో ఎగిరినాడు, పిల్లలు గంతులు వేసినారు, బస్సు పరుగెత్తినది. పిన్నా పెద్దా అందరమూ ఒక్కసారిగా ఆహా అన్నాము. మరికొంతసేపటికి చక్రం ఆగినది. అన్నీ మళ్ళీ కొయ్యబారినవి.

మా మనుమడు నా చేయి పట్టుకొని, "తాతా, చక్రం ఆగితే వాళ్ళు చచ్చిపోయాడా?" అని అడిగినాడు.

నేను చెప్పిన సమాధానం ఇది: "'చచ్చిపోయాడా' కాదు నాయనా, 'చనిపోయారా' అనాలి."

వాడు నా చేయి వదలి తల్లి దగ్గరకు పోయి, మిగిలిన సంగతి జపాను భాషలో అడుగుకొన్నాడు. ఆ రోజంతా నాతో తెలుగులో మరొక ప్రశ్న వేయలేదు. ఒక పసివాడు ఉపనిషత్తులో శిష్యుడు అడగదగిన ప్రశ్న అడిగితే, తాత వానికి వ్యాకరణం చెప్పినాడు.

దాచడమెందుకు? ఇది నా మొదటి తప్పు కాదు. ముప్పది ఏండ్ల క్రిందట మా అబ్బాయి బడినుండి పరుగెత్తుకొని వచ్చి, "నాన్నా, రేపు శాళకు సుట్టీ!" అనేవాడు. "బడికి సెలవు అనరా" అని గద్దించేవాడిని. వాని సంతోషం సగంలో విరిగిపోయేది. భాష చెడిపోతున్నదని నా దిగులు. కొన్నాళ్ళకు వాడు నాతో మాటలు తగ్గించినాడు; తల్లితో తెలుగు, నాతో అవసరమైనంత మరాఠీ. నా తెలుగు మాత్రం చెక్కుచెదరకుండా నా దగ్గరే ఉండిపోయినది, అద్దాల బీరువాలో పెట్టిన పింగాణీ పాత్రవలె.

ఆ చక్రం ముందు నిలబడి నేను ఆలోచించినది ఇదే. సాధారణంగా చలనచిత్రంలో ఒక్క సెకనుకు 24 చిత్రాలు తెరమీద మారుతవి. వాటిలో ఏ ఒక్కటీ కదలదు. చిత్రానికీ చిత్రానికీ నడుమనున్న వెలితిని పూరించి, కదలిక అని మనకు చూపేది మన మనస్సే. 1963 జనవరి 1వ తేదీన జపాను టెలివిజనులో ఒసాము తెజుకా గారి 'అణు బాలుడు' వారం వారం రావడం ఆరంభమైనప్పుడు, ఖర్చుకూ వ్యవధికీ జంకి, ఆయన చిత్రాల సంఖ్యను చాలా తగ్గించవలసి వచ్చినది. అయినా పిల్లలు ఆ బాలునిలో ప్రాణమున్నదనే నమ్మినారు. బొమ్మలు తక్కువైనందువల్ల ప్రాణం పోలేదు, తప్పులున్నందువల్లనూ పోదు. చక్రం ఆగితేనే పోతుంది.

అట్లాగని భద్రపరచడం తప్పనగలమా? ఈ వాదానికి రెండవ ప్రక్క కూడా చూడాలి. కొన్నేండ్ల క్రిందట నేను పనిమీద ధర్మవరం వెళ్ళినప్పుడు, దాపుననున్న నిమ్మలకుంట గ్రామం చూచినాను. నేడది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారులలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేక తోలును పలుచగా, కాంతి చొరబడేటట్లు సిద్ధంచేసి, రెండువైపులా రంగులద్ది, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. భుజాలు, మోచేతులు విడిగా కట్టి, వెదురుబద్దల సాయంతో ఆడిస్తారు. తెల్లని తెర వెనుక పూర్వం ఆముదపు దీపాలుండేవి. రాముడు, రావణుడు, నడుమ నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క. పాటకు రంగనాథ రామాయణ ద్విపద. మియజాకీ గారి చక్రం కంటె ఎంతో ముందు మన పల్లెలలో బొమ్మ కదిలినది.

అక్కడ నన్ను నిర్విణ్ణుని చేసిన సంగతి మరొకటి ఉన్నది. నాకు ఒక బొమ్మ చూపిస్తూ ఇంటాయన లోపలి వారితో ఏదో అన్నాడు. నాకు అర్థమైనది. అది మరాఠీ, యాస వేరు, మాట ఒకటే. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటను తరతరాలుగా మోసినవారిలో పెక్కుమంది పూర్వం మహారాష్ట్ర ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారు; నేటికీ ఇంట్లో ఒక విధమైన మరాఠీయే మాట్లాడుకొంటారు. మరాఠీవారు తెలుగుసీమకు పోయి తెలుగు రామాయణాన్ని తెరమీద ఆడించినారు. తెలుగువారమైన మనం మరాఠీ సీమకు వచ్చి దానిని బీరువాలో పెట్టి తాళం వేసినాము! సొత్తు ఎవరిదని ఇప్పుడడిగితే నేనేమి చెప్పగలను?

ఆ ఇంటిలోనే గోడవారగా దీపపు గుమ్మటాలు వరుసగా పేర్చి ఉన్నవి. అదే తోలు, అవే రంగులు, అదే సీతమ్మ. కాని ఇప్పుడామె విద్యుద్దీపం చుట్టూ కదలక నిలిచి, పట్టణవాసుల గదులకు శోభ చేకూరుస్తుంది. ఆట పిలిచేవారు తగ్గినారు, దీపపు గుమ్మటం కొనేవారున్నారు. కడుపు నిండాలి గదా. వారిని తప్పుపట్టే హక్కు ఆట చూడ్డానికి పోని నాకు లేదు. ఆ గుమ్మటాల వల్లనే తోలు కోసే చేయి, రంగు అద్దే చేయి ఇంకా బ్రతికి ఉన్నవి. చేయి బ్రతికి ఉంటే ఆట ఏనాటికైనా తిరిగి రావచ్చును. కనుక దాచడం నేరం కాదు. దాచడంతోనే మన పని ముగిసినదనుకోవడం నేరం.

జపానువారిలోనే దీనికి మంచి తార్కాణమున్నది. ఇసె అనే చోటగల వారి మహాక్షేత్రాన్ని ఇరువది ఏండ్లకొకసారి, ప్రక్కనే ఉన్న స్థలంలో, పాత పద్ధతిలో, క్రొత్త కలపతో తిరిగి నిర్మిస్తారు. 690లో మొదలైన ఈ ఆచారం, యుద్ధకాలాలలో అంతరాయాలు కలిగినా నిలిచినది. 2013లో 62వ సారి జరిగినది. మరల 2033లో జరుగవలసి ఉన్నది. వేయి ఏండ్ల నాటి దూలం అక్కడ లేదు. వేయి ఏండ్ల నాటి పనితనమున్నది. పెద్ద వడ్రంగి ప్రక్కన చిన్నవాడు నిలబడి నేర్చుకొంటాడు. మరుసటి పర్యాయానికి వాడే పెద్దవాడౌతాడు. మొదటిసారి వాని ఉలి కొంత వంకర పోదా? పోతుంది. అందుకని ఉలి లాగుకొంటే గుడి నిలువదు.

అంత దూరమెందుకు, మన మహారాష్ట్రంలోనే సింధుదుర్గం జిల్లా పింగుళి గ్రామంలో, ఠాకర్ తెగకు చెందిన పరశురామ్ గంగావణే గారు తన పశువులకొట్టాన్నే ప్రదర్శనశాలగా మార్చి, చిత్రకథి పటాలను, తోలుబొమ్మలను, కీలుబొమ్మలను అందులో కాపాడినారు. 2021లో వారికి పద్మశ్రీ వచ్చినది. బొమ్మలు అక్కడ గోడకు వ్రేలాడుతవి. పిలుపు వచ్చినప్పుడు గోడ దిగి ఆడుతవి కూడా. బీరువా, చక్రం రెండూ ఒక ఇంటిలోనే ఉండవచ్చునని ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

కథ విషయం కూడా అంతే. యూగో సాకో అనే జపాను దేశస్థుడు మన రామకథను ప్రేమించి, మన దేశపు రామ్‌మోహన్ గారు మొదలైన వారితో కలిసి దానిని బొమ్మల చలనచిత్రంగా తీసినాడు. 1992లో పూర్తియైన ఆ చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా మన దేశపు తెరలకెక్కినది. జపాను చేతులు గీసిన రాముడు తెలుగులో మాట్లాడినాడు. ఆయనకు అభ్యంతరమున్నట్లు నాకు కనబడలేదు.

మన ఊరిలో చైత్రమాసాన మహాకాళి జాతర జరుగుతుంది. తెలంగాణ పల్లెలనుండి వేలకొలది జనం వచ్చి, పాడుకొంటూ అమ్మవారి గుడివైపు సాగిపోతారు. వారి తెలుగును ఎవరూ దిద్దరు, ఎవరూ అద్దాల వెనుక పెట్టరు. అయినా అది ఏటేటా మన వీధులలోనికి నడిచి వస్తుంది. మన సంఘంలో పిల్లలకు పద్యపోటీలు పెడతాము. తప్పు పలికినవానికి మార్కులు తగ్గిస్తాము. మరుసటి ఏడు వాడు రాడు. ఆ మార్కులు వేసిన చేతులలో నాది ఒకటి. దిద్దుబాటు అక్కరలేదని నేననను. రంగు రెండువైపులా అద్దకపోతే బొమ్మ తెరమీద కనబడదు. కాని ముందు ఆడనివ్వాలి. ఆ తరువాతనే దిద్దాలి.

గడచిన వేసవిలో మనుమడు చాందా వచ్చినాడు. ఒక సాయంకాలం మా వసారాలో నా తెల్లపంచె కట్టి, వెనుక దీపం పెట్టినాము. పాత పెండ్లిపత్రికల అట్టలు కత్తిరించి హనుమంతుని, రావణుని చేసినాము. పొరుగింటి మరాఠీ పిల్లలు చాపమీద కూర్చున్నారు. కథ చెప్పేవాడు మనుమడే. తెలుగు, ఇంగ్లీషు, జపాను కలగలిపి చెప్పసాగినాడు. "హనుమంతుడు లంకకు వచ్చింది" అన్నాడు. నా నాలుక లేచినది. నా భార్య నావైపు చూచినది. నేను ఊరకున్నాను. పిల్లలు నవ్వలేదు; తరువాత ఏమైనదని మరాఠీలో కేకలు పెట్టినారు. వాడు తోకకు నిప్పంటించేవరకు వచ్చి, ఆగి, పంచె అంచునుండి తల బయటపెట్టి నన్నడిగినాడు: "తాతా, తోక అంటుకున్నాడు అనాలా, అంటుకుంది అనాలా?"

"అంటుకుంది అనాలి నాయనా" అన్నాను. వాడు తెర వెనుకకు పోయినాడు. లంక కాలినది.

వాడు మితాకాలో అడిగిన ప్రశ్నకు నేనింకా సమాధానం చెప్పలేదు. మళ్ళీ అడిగితే చెబుతాను: చక్రం ఆగితే వాళ్ళు చనిపోరు, ఎదురుచూస్తారు, కాని ఎవరో ఒకరు వచ్చి త్రిప్పేంతవరకే. ఈ సంచిక చదివే పెద్దలకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో కూడా ఒక తెల్లపంచె ఉంటుంది. ఈ దీపావళి సెలవులలో దానిని బీరువాలోనుండి తీయండి.