త్రాసు నెన్నుకొనుట

1997 వరకు రాయచూరు జిల్లాలోనే యుండిన గంగావతిలో, తుంగభద్ర ఆయకట్టున చౌడుబారిన నేలలను గూర్చి చిరకాలముగా పరిశోధన జరుగుచున్నది. ఆ కేంద్రము 2009లో ఏర్పడిన రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. సింధనూరు క్యాంపులలో స్థిరపడిన మన తెలుగు రైతులకు చౌడు క్రొత్తగాదు. కాలువ వచ్చినది, వరి వచ్చినది, వెంటనే చౌడును వచ్చినది.

అట్టి నేలను గూర్చి యొక శాస్త్రజ్ఞుడు కన్నడమున చిన్న పుస్తకము వ్రాసి రైతు చేతికిచ్చిన, దాని ఫలము పొలమున కన్పట్టును. ఉల్లేఖన సూచికలో మాత్రము సున్న.

ఏ వ్యాసము నెవరెవరు తమ రచనలలో పేర్కొనిరో తెలుపు పట్టికయే ఉల్లేఖన సూచిక. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించిన సైన్సు సైటేషన్ ఇండెక్సు నుండి వెబ్ ఆఫ్ సైన్స్ పుట్టినది. 2004లో ఎల్సెవియర్ సంస్థ స్కోపస్‌ను తెచ్చినది. మొదటిది పత్రికలను గట్టిగా వడపోయును. రెండవది కొంత విశాలము. రెండును ఆంగ్లమునకే పెద్దపీట వేయును. రెంటి చందాయును ఘనమే. పైగా ఎల్సెవియర్ తానును పత్రికలను ప్రచురించునది. సరకు నమ్మువాని చేతనే త్రాసన్నమాట!

గ్రంథాలయాధికారి యేది కొనవలెను? పని తెలిసినవాడు తన ఆచార్యుల రచనల జాబితా తీసి, ఏ సూచికలో నెన్ని దొరకునో సరిచూచును. మంచి పద్ధతియే. కాని దొరకని వానినిగూడ చదివి చూడవలెను; అవి యేల దొరకలేదో యందే తెలియును. జాతీయ ర్యాంకులకు ఈ రెండు సూచికల లెక్కలే ఆధారము గనుక కొనక తప్పదని కొందరందురు. ఆ భయము నిరాధారము. చందా కట్టినను కట్టకున్నను వ్యాసము లెక్కలోనికి వచ్చును.

ప్యారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయము 2024 నుండి వెబ్ ఆఫ్ సైన్స్ చందా మానుకొని, 2022లో ఆరంభమైన ఓపెన్‌అలెక్స్ అను ఉచిత సూచిక నాశ్రయించినది. అందు తప్పులు లేకపోలేదు. రచయితల పేర్లు కలగాపులగమగును. మన యింటిపేర్ల పొడియక్షరముల సంగతి చెప్పనేల! వడపోత తక్కువగుటచే నకిలీ పత్రికలును చొరబడును. కనుక ఖరీదైన సూచిక వట్టి ఆడంబరమని నేననను.

నాకు తోచునది వేరు. త్రాసులో తూగని పనిని యువ పరిశోధకుడు క్రమముగా మానివేయును. చౌడునేల విడిచి, దూరదేశపు పత్రిక మెచ్చు విషయమును వెదకికొనును. అతనిని తప్పుపట్టలేము, ఉద్యోగోన్నతి యందే యున్నది. ఆ త్రాసు నెన్నుకొన్నవారికి మాత్రము అందు పాలు లేదా?

నన్నడిగిన, ఖరీదు సూచికలలో నొకటి చాలును. మిగిలిన సొమ్ముతో కన్నడ, తెలుగు కరపత్రములను సేకరించి, ఒక్కొక్కదానికి శాశ్వత సంఖ్య నిప్పించి, ఉచిత సూచికల కందునట్లు చేయింతును. గంగావతి చౌడునేలల పుస్తకములతో మొదలుపెట్టవచ్చును.