వెనక సీట్లో అమ్మ

మొన్న బాపు సంవత్సరీకానికి సిద్దిపేటలో అందరం కలిశాం. భోజనాలయ్యాయి. హాల్లో చాపలు పరిచి ఆడవాళ్లం ఒక పక్క, మగవాళ్లొక పక్క నడుం వాల్చాం. మాటలు ఎక్కడెక్కడో తిరిగి చివరికి కారు దగ్గర ఆగాయి. మీ ఇళ్లలోనూ అంతేననుకుంటాను. పోయినవాళ్ల మంచితనం గురించి పది నిమిషాలు మాట్లాడతాం, వాళ్ల కారు గురించి గంటసేపు మాట్లాడతాం. మంచితనానికి హారనుండదు కదా మరి!

ముందు తాత కారు వచ్చింది. 1960ల మొదట్లో తాత హైదరాబాదు నుంచి పాత కారొకటి కొనుక్కొచ్చాడన్నంత వరకు అందరిదీ ఒకే మాట. ఆ తర్వాత ఎవరి దారి వారిదే. అది లాండ్‌మాస్టరని పెద్దబాపు, కాదు హిల్‌మన్ అని చిన్నబాపు. నల్లదని ఒకరు, ముదురాకుపచ్చదని మరొకరు. ప్రజ్ఞాపూర్ దగ్గర రేడియేటర్ పొగలు కక్కితే తాత తన తలపాగా విప్పి, తడిపి, దానిమీద కప్పాడట. ఈ కథ నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఏడాదికో మూర చొప్పున ఆ తలపాగా పెరుగుతూనే ఉంది.

ఒక్క మేనత్త మాత్రం ఏమీ అనకుండా వక్కలు కత్తిరించుకుంటూ కూచుంది. "అత్తమ్మా, నీకు యాదికుందా ఏం రంగో?" అని నేనే కదిపాను.

"నేను ఎక్కింది ఒక్కసారే బిడ్డా. అప్పగింతల్నాడు. ఏడ్సుకుంట కూసున్న, రంగు ఏడ జూసిన?" అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దబాపు, "లాండ్‌మాస్టరే" అన్నాడు.

ఇక బాపు కారు. దాని విషయంలో తగాదా లేదు, ఎందుకంటే ఫొటో ఉంది. 1987లో కొన్న పాత అంబాసిడర్, పాలమీగడ రంగు. బాపు సిద్దిపేట కోర్టులో వకీలు. ఆ రోజుల్లో మా ఊరికి రైలు లేదు. రైలు వచ్చింది 2023 అక్టోబరులో, బాపు ముసలితనంలో. ఎక్కడికి పోవాలన్నా పాత బస్టాండుకి వెళ్లి, కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకోవడమే. అలాంటి రోజుల్లో ఇంటి ముందు కారు ఆగి ఉండటమంటే ఏమిటో, ఫోన్లో వేలు నొక్కి కారు పిలిపించుకునే నా కూతురికి ఎంత చెప్పినా తెలియదు. కొమురవెల్లి మల్లన్న దగ్గర కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన రోజు మా వీధి వీధంతా వచ్చి దాన్ని తడిమి చూసింది.

ఆ అంబాసిడర్ మాత్రం ఏం తక్కువదా? ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా మీద 1950ల చివర్లో మొదలై, బెంగాలులో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి అర్ధశతాబ్దానికి పైగా దాదాపు అదే ముఖంతో వచ్చింది. మంత్రిగారూ అదే ఎక్కారు, పెళ్లికొడుకూ అదే ఎక్కాడు. 2014 మేలో తయారీ ఆగిపోయింది. జూన్ 2న మా తెలంగాణ రాష్ట్రం పుట్టింది. ఆ వారం మా ఇంట్లో ఒక కంట సంతోషం, ఒక కంట కారు! 2017లో ఆ పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుందని పేపర్లో చదివి బాపు, "ఉత్త పేరుకే గంతనా?" అని ఆశ్చర్యపోయాడు.

పేరుకు అంతే. పేరు దగ్గరే నా చిక్కంతా వచ్చిపడింది.

అన్న ఈమధ్యే ఇల్లు కట్టుకున్నాడు. బాపు కారు పక్కన నిలబడి ఉన్న ఆ ఫొటోను పెద్దది చేయించి హాల్లో పెడతానన్నాడు. బానెట్ మీద చెయ్యి వేసి బాపు, ముందు వరసలో అన్న, నేను, తమ్ముడు. కింద అక్షరాలు కూడా రాయిస్తాడట, 'బాపు కష్టార్జితం' అని. అందరూ బాగుందన్నారు. వదిన కళ్లు తుడుచుకుంది. నా గొంతులో మాత్రం ఏదో అడ్డం పడింది.

ఎందుకంటే నాకు తెలుసు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. కారు రావడానికి వారం ముందు రాత్రి దేవుడి గది ముందు అమ్మ సబ్బు నురగతో చేతులు తడుపుకుని నాలుగు బంగారు గాజులు తియ్యడం నేను చూశాను. అమ్మమ్మవాళ్లు పెళ్లికి పెట్టిన గాజులవి, ఆరు తులాలు. కారుకి తక్కువ పడిన డబ్బు వాటితోనే నిండింది. మర్నాటి నుంచి అమ్మ చేతులకు మట్టిగాజులే. తర్వాత చాలా ఏళ్లకు బాపు రెండు సన్నగాజులు చేయించాడు, అది వేరే సంగతి. అప్పట్లో తులం మూడువేల లోపు. ఇప్పుడు లక్ష దాటింది. ఆ గాజులే ఉండి ఉంటే ఇవాళ కొత్త కారొకటి వచ్చేది. బాపు కారేమో ఎప్పుడో పాతసామాను వాడి పాలయింది. నవ్వకండి, ఈ లెక్క నేను చాలాసార్లు వేశాను.

'బాపు కష్టార్జితం' అబద్ధం కాదు. ఎండలో కోర్టు మెట్లెక్కి దిగి సంపాదించింది ఆయనే. కానీ నిజం కూడా కాదు. సగం నిజాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించడం ధర్మమేనా? "చెప్పెయ్యమ్మా, ఇంకెన్నాళ్లు దాస్తావు?" అని నా కూతురు చెవిలో పోరు. ఆ వయసులో నిజం చెప్పడమంటే లైటు వెయ్యడమంత సులువు. నా వయసులో లైటు వేస్తే ఎవరెవరు నిద్ర లేస్తారో చూసుకోవాలి.

అప్పుడు నాకు లాల్‌బహదూర్ శాస్త్రిగారి ఫియట్ కారు గుర్తొచ్చింది. ఆయన ప్రధానమంత్రి అయ్యాక ఇంట్లోవాళ్లు కారు కావాలన్నారు. ఖరీదు 12,000 రూపాయలు, ఆయన దగ్గర ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన పోయారు, అప్పు మిగిలింది. భార్య లలితగారు తన పింఛనులోంచి ఆ అప్పు తీర్చారు. ఆ కారు ఇప్పుడు ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. ఈ కథ మనం ఎప్పుడు చెప్పుకున్నా శాస్త్రిగారి నిజాయితీకి ఉదాహరణగానే చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ వాయిదాలు కట్టిన చెయ్యి ఎవరిదండీ? ఆ కారును 'శాస్త్రిగారి కారు' అంటే లలితగారు నొచ్చుకుని ఉండేవారా? నాకైతే ఆమె ఆ మాట గర్వంగానే అని ఉంటారనిపిస్తుంది. అక్కడే నా వాదానికి కాళ్లు విరుగుతాయి. ఇచ్చినామెకు లేని బాధ నాకెందుకు?

ఎందుకంటే ఇచ్చినవాళ్లు ఊరుకోవడం వేరు, పుచ్చుకున్నవాళ్లు మరిచిపోవడం వేరు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదంది. కష్టకాలంలో భర్త వాడుకోవచ్చు గానీ, దాన్నో దాని విలువనో తిరిగి ఇవ్వడం అతని నైతిక బాధ్యత అంది. అది చదివినప్పుడు బాపు ఉండి ఉంటే బాగుండుననుకున్నాను. అంబాసిడర్ కొనడం కష్టకాలం కిందికి వస్తుందా రాదా అని వకీలుగారిని అడిగేదాన్ని! హాస్యానికి అంటున్నాను గానీ, బంగారం తిరిగి ఇవ్వలేనివాడు కనీసం మాట తిరిగి ఇవ్వచ్చు కదా. 'ఇది మా ఆవిడ గాజులతో కొన్నాం' అని నలుగురిలో ఒక్కసారి. బాపు మంచివాడే. ఆ ఒక్క మాట ఆయనకు తట్టలేదు, అంతే.

ఇంకొక్కటి కూడా తట్టలేదు. ఆ కారులో ముందు సీటు బెంచీలా ఉండేది, బాపు కాక ఇద్దరు హాయిగా కూచోవచ్చు. ఆ ఇద్దరూ ఎప్పుడూ మగవాళ్లే. తాతో, పెద్దబాపో, ఎవరూ లేకపోతే పదేళ్ల మా అన్నో. వేములవాడ పోయినా, హైదరాబాదు పోయినా అమ్మది వెనక సీటే. ఒళ్లో తమ్ముడు, కాళ్ల దగ్గర సర్వపిండి డబ్బా, చేతిలో నేను వాంతి చేసుకోకుండా వాసన చూపించడానికి నిమ్మకాయ.

వెనక సీటంటే తక్కువా అని మీరనవచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటారు, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిస్తే, అది వచ్చేలోగా 1911లో ఆయన పోయారు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ వశమైంది. (తండ్రి మోజుపడ్డ కారు కొడుకు కథలోకి రావడం రాజులకూ తప్పలేదన్నమాట.) అందులో వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. నిజాం కూచునేది వెనకే. జీతగాడు నడిపితే వెనక సీటు సింహాసనం. మొగుడు నడిపితే అదే సీటు సామాన్ల చోటు. బండి ఒకటే, సీటు ఒకటే, విలువ మాత్రం ముందు కూచున్నవాణ్ని బట్టి మారిపోతుంది. చిత్రం కాదూ?

ఇన్ని ఆలోచించాక నన్ను నేనొకటి అడగక తప్పలేదు. ఈ నిజం నేను అమ్మ కోసం చెప్పాలనుకుంటున్నానా, అన్న మీద గెలవడానికా? చిన్నప్పుడు ముందు సీటు వాడికే దక్కేది మరి. నవలలు రాసేదాన్ని కాబట్టి నాకింకో జబ్బు కూడా ఉంది. గాజులు తీసిచ్చే తల్లులు నా పుస్తకాల్లో కనీసం నలుగురున్నారు. అందరూ మౌనంగా కన్నీళ్లు దిగమింగే త్యాగమూర్తులే. పాఠకులు ఉత్తరాలు రాశారు, ఏడ్చామని. అమ్మ గాజుల మీద నేనూ కొంత సంపాదించుకున్నానన్నమాట!

ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని, లైటు తీసేశాక, "అన్నకు గాజుల సంగతి చెప్పనా అమ్మా?" అన్నాను.

"ఏ గాజులు?"

"కారు కొన్నప్పటివి. బాపు కోసం ఇచ్చినవి."

అమ్మ చాలాసేపు పలకలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"బాపు కోసమని ఎవరన్నరు నీకు? మీ బాపు అసలు వద్దనే అన్నడు. బస్సుల పోతె ఏమైతది, అప్పెందుకు అన్నడు. నాకే కారెక్కాల్నని మస్తు ఉండె. కొత్తగ పెండ్లయినప్పుడు హైదరాబాదుల ఎవరో దొరసాని కార్ల పోంగ జూసిన. గప్పటి సంది మనసుల వడ్డది. నేనే తీసిచ్చిన. కొనుక్కరా అన్న."

నలభై ఏళ్లుగా నేను దాచుకున్న జాలి అంతా ఆ చీకట్లో ఎక్కడికి పోయిందో తెలియలేదు. నలుగురు నవలల తల్లులూ ఒక్కసారిగా లేచి నన్ను చూసి నవ్వినట్టయింది. అమ్మకు ఒక కోరిక ఉండి ఉండవచ్చని నాకెప్పుడూ తోచలేదు. బాపు ఆమె పేరు చెప్పడం మరిచిపోతే, నేను ఆమె మనసే మార్చి రాసుకున్నాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

"మరి అంత ఇష్టపడి కొనిపించి, ముందు సీట్ల ఎందుకు కూసోలేదే?"

"ఎవరన్న కూసో అంటె గద."

ఆ మాట కోపంగా అనలేదు. రేపు పాలవాడు రాడు అన్నంత మామూలుగా అని అటు తిరిగి పడుకుంది. గాజుల గురించి నేను వేసిన లెక్కల్లో ఎక్కడా ఈ మాట లేదు.

పొద్దున్నే అన్న ఫొటోను కవరులో పెట్టుకుని స్టూడియోకి బయల్దేరాడు. రాయించాల్సిన అక్షరాల సంగతి నేనింకా ఎత్తలేదు. ఎలా ఎత్తాలో ఆలోచిస్తూ వాకిట్లో నిలబడ్డాను. ఇంతలో అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. "ఏదిరా, ఒక్కసారి చూపియ్" అని ఫొటో తీసుకుని, కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని చూసింది. కారు వెనక కిటికీలో నల్లటి మరకలాంటిది ఉంటుంది. అది ఎదురింటి చెట్టు నీడ అని మేమంతా అనుకునేవాళ్లం.

"గీ కిటికి కాడ జర వెలుగు ఎక్కువ పెట్టుమను" అంది వేలితో చూపించి.

"ఎందుకే?" అన్నాడు అన్న.

"నేనున్న గదరా అండ్ల. ఫొటోకు అందరు దిగిండ్రు గని, నేను దిగలే. అప్పుడే ఎక్కిన, ఎందుకు దిగాలె?"